కళాకారుల నలుపు తెలుపు పోర్ట్రెయిట్లు: ముందు ఏది తేల్చుకోవాలి, తర్వాత ఏది

కళాకారులను నలుపు తెలుపులో తీయాలనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే: ఫిల్మా, డిజిటలా? నేను వెంటనే జవాబు చెప్పను. ఎవరిని తీస్తున్నారు, ఎక్కడ తీస్తున్నారు, ఆ మనిషి మీకు ఎంతసేపు ఇస్తానన్నారు అని తిరిగి అడుగుతాను. ఈ మూడూ తేలితే కెమెరా సంగతి దానంతట అదే తేలిపోతుంది. అందుకే ఇక్కడ వరస తిరగేశాను. ముందు చోటు, ఆ తర్వాత సందర్భం, వెలుగు, లెన్స్. ఫిల్మ్, డిజిటల్ సంగతి చివర్లో చూద్దాం.

ఇంకో మాట. నేను చెప్పేది ప్రపంచమంతా గుర్తుపట్టే ముఖాల గురించి కాదు. మీ చుట్టుపక్కల ఉండే చిత్రకారులు, శిల్పులు, ఫ్లూట్ నేర్పే మాస్టారు, సాయంత్రాలు బ్యాండులో డ్రమ్స్ వాయించే కుర్రాడు, వీళ్ల గురించి. ఫొటో చూసేవాళ్లకు వీళ్లెవరో తెలియదు. ఈ ఒక్క తేడా చాలా ఎంపికల్ని మార్చేస్తుంది.

పని చేసే గదా, ఖాళీ గోడా?

స్వరకర్త ఇగోర్ స్ట్రావిన్‌స్కీని ఇద్దరు గొప్ప ఫొటోగ్రాఫర్లు రెండేళ్ల తేడాతో తీశారు. 1946లో ఆర్నాల్డ్ న్యూమన్ తీసిన ఫొటోలో ఫ్రేమంతా పియానోయే. తెరిచిన నల్లటి మూత తెల్లటి గోడ మీద సంగీత లిపిలోని గుర్తులా నిలబడి ఉంటుంది. స్ట్రావిన్‌స్కీ కింద ఒక మూలన, తల చేతికి ఆనించి, చిన్నగా కనిపిస్తారు. 1948లో ఇర్వింగ్ పెన్ రెండు పలకలను ఇరుకైన మూలలా కలిపి ఆయన్ని ఆ మూలలో నిలబెట్టారు. పియానో లేదు, కాగితాలు లేవు. చెవి వెనక చేయి పెట్టుకుని వింటున్న మనిషి ఒక్కడే ఉన్నాడు.

రెండూ గొప్ప ఫొటోలే. కానీ పెన్ ఫొటో పని చేయడానికి ఒక కారణం ఉంది. ఆ ముఖం ఎవరిదో చూసేవాళ్లకు ముందే తెలుసు. మీ వీధిలో మట్టి బొమ్మలు చేసే ఆవిడను ఖాళీ గోడ ముందు నిలబెడితే, చూసేవాళ్లకు ఒక ముఖం కనిపిస్తుంది తప్ప ఆమె శిల్పి అని ఎలా తెలుస్తుంది? ఆమె బల్ల, వేళ్ల సందుల్లో ఎండిన మట్టి, సగం చేసి తడిగుడ్డ కప్పిన బొమ్మ ఉంటే కింద పేరు రాయకపోయినా ఫర్వాలేదు. అందుకే మొదటిసారి తీసేవాళ్లకు నా సలహా: వాళ్లు పని చేసే గదికే వెళ్లండి.

ఖాళీ బ్యాక్‌గ్రౌండ్ నెగ్గే సందర్భాలు లేకపోలేదు. పది పదిహేను మందిని ఒక వరసగా తీసి పక్కపక్కన పెట్టాలనుకుంటే అందరికీ ఒకే గోడ ఉండడం మంచిది. అప్పుడు చూసేవాళ్ల కన్ను మనుషుల మధ్య తేడా మీద పడుతుంది. నర్తకులకు, నటులకు శరీరమే పనిముట్టు కాబట్టి వాళ్లకు గది అక్కర్లేదు. గది మరీ ఇరుకైనా, సామాను మరీ కిక్కిరిసినా అంతే. రిచర్డ్ అవెడన్ ఆరుబయట, నీడ పట్టున, తెల్ల కాగితం వేలాడదీసి తీసిన పోర్ట్రెయిట్లు చూస్తే దీనికి స్టూడియో కూడా అవసరం లేదని తెలుస్తుంది.

నేను చేసే పని ఇది. బూడిద రంగు గుడ్డ ఒకటి మడిచి సంచిలో పెట్టుకుంటాను. ముప్పావుగంట గదిలో తీసి, చివరి పది నిమిషాలు అదే గదిలో కిటికీ పక్కన ఆ గుడ్డ కట్టి తీస్తాను. తెలుపూ నలుపూ కాకుండా బూడిద రంగే ఎందుకంటే, గుడ్డ మీద వెలుగు ఎక్కువ పడితే దాదాపు తెల్లగా వస్తుంది, మనిషిని గుడ్డకు దూరంగా జరిపి వెలుగు తగ్గిస్తే నల్లగా మారుతుంది. ఒక్క గుడ్డతో మూడు బ్యాక్‌గ్రౌండ్లు వచ్చినట్టే.

గదిలో తీసేటప్పుడు ఒక చిక్కు ఉంటుంది. రంగుల్లో ఎర్ర చొక్కా, వెనకున్న పచ్చటి అలమర వేరువేరుగా కనిపిస్తాయి. నలుపు తెలుపులో రెండూ ఒకే బూడిద రంగై అతుక్కుపోతాయి. నల్లటి జుట్టు చీకటి అరలో కలిసిపోతుంది. ముదురు రంగు వయొలిన్ ముదురు కోటు మీద మాయమవుతుంది. కళ్లు చికిలించి చూడండి. రంగులు తగ్గి, ఏది వెలుగో ఏది చీకటో తెలుస్తుంది. తల వెనక వెలుగు భాగం వచ్చేలా మీరు రెండడుగులు పక్కకు జరిగితే చాలాసార్లు సమస్య తీరిపోతుంది. బట్టల గురించి ముందే చెప్పండి: గీతలు, సన్నటి గళ్లు లేని సాదా బట్టలు, వాయిద్యం రంగు కంటే బాగా లేతవో బాగా ముదురువో అయితే మేలు.

సంగీతకారులకు: కచేరీలోనా, సాధనలోనా, విడిగా కూర్చోబెట్టా?

అందరూ కచేరీకే పరుగెడతారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. కచేరీలో ఉత్సాహం ఉంటుంది, నిజమే. కానీ మైకు నోటికి అడ్డంగా ఉంటుంది. వెలుగు నెత్తి మీంచి పడి కళ్లు నల్లటి గుంతలవుతాయి. మీరు కదలలేరు. రంగు ఎల్ఈడీ లైట్ల ఇబ్బంది వీటన్నిటికంటే పెద్దది. మామూలు డిజిటల్ సెన్సర్‌లో నాలుగు పిక్సెళ్లలో రెండు ఆకుపచ్చను, ఒకటి ఎరుపును, ఒకటి నీలాన్ని పట్టుకుంటాయి. వేదిక మీద గాఢమైన ఎర్ర లైటు మాత్రమే ఉంటే ముఖంలోని వివరమంతా పావు వంతు పిక్సెళ్ల మీదే ఆధారపడుతుంది. పైగా కెమెరాలో వెలుగు కొలిచే మీటరు బాగానే ఉందంటున్నా ఎరుపు ఛానెల్ (ఎరుపు పిక్సెళ్ల సమాచారం) నిండిపోయి ముఖం చదునుగా, సున్నం కొట్టినట్టు వస్తుంది. నలుపు తెలుపులోకి మార్చినంత మాత్రాన అది బాగుపడదు. కచేరీలోనే తీయాల్సి వస్తే హిస్టోగ్రామ్ (వెలుగు చీకట్లు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) మూడు రంగులకూ విడివిడిగా కనిపించేలా పెట్టుకుని, ఎరుపు అంచు దాటకుండా ఎక్స్‌పోజర్ (ఫొటోకు పట్టే వెలుగు) తగ్గించండి.

విడిగా కూర్చోబెట్టి తీస్తే వెలుగు మీ చేతిలో ఉంటుంది. కానీ వాయించని వాయిద్యాన్ని పట్టుకోమంటే చాలామంది దాన్ని బహుమతి కప్పులా పట్టుకుంటారు.

నా ఓటు సాధనకే. సాధనలో ఒకే చరణాన్ని, ఒకే గతిని పదిసార్లు వాయిస్తారు. మొదటి రెండుసార్లు మీరు ఊరికే చూడండి. వయొలిన్ కమాను ఎప్పుడు పైకి లేస్తుందో, ఏ చోట కళ్లు మూస్తారో, ఎక్కడ తప్పు వచ్చి నవ్వుకుంటారో తెలిసిపోతుంది. మూడోసారి ఆ క్షణం కోసం మీరు సిద్ధంగా ఉంటారు. ఫ్లూట్ వాయించేవాళ్ల పెదవులు ఊదేటప్పుడు ముడుచుకుపోతాయి. ఊపిరి తీసుకునే అర క్షణంలో ముఖం తేటగా ఉంటుంది. గాయకులకైతే నోరు పూర్తిగా తెరిచినప్పటి కంటే చరణం ముగిసి స్వరం ఇంకా గాలిలో ఉన్నట్టుండే క్షణం మంచిది. వయొలిన్‌కు కమాను చేయి ముఖానికి అడ్డు రాని వైపు వెతకండి.

షట్టర్ స్పీడ్, అంటే కెమెరా లోపలికి వెలుగు పడనిచ్చే సమయం, కూడా ఇక్కడ ఒక ఎంపికే. 1/125 సెకనులో ముఖం స్పష్టంగా నిలుస్తుంది. 1/60కి దిగితే తల కదలనంతసేపు ముఖం నిలిచి, కమాను మాత్రం కొద్దిగా చెరిగినట్టు వస్తుంది. నాకు ఇదే ఎక్కువ ఇష్టం, అందులో సంగీతం వినిపిస్తుంది. డ్రమ్స్ కర్రలు గాల్లో ఆగినట్టు కావాలంటే 1/500 లేదా అంతకంటే వేగం కావాలి. చప్పుడు రాకుండా ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టుకుంటే రెండు విషయాలు చూసుకోండి. చాలా కెమెరాల్లో వేగంగా కదిలే కర్రలు రబ్బరులా వంగి వస్తాయి. కొన్ని లైట్ల కింద ఫొటో అంతా అడ్డ చారలు పడతాయి.

వాయించడం ఆపిన తర్వాత కెమెరా దించేయకండి. 1948లో హెర్మన్ లియోనార్డ్ తీసిన జాజ్ కళాకారుడు డెక్స్టర్ గార్డన్ ఫొటో ఎంతో పేరు పొందింది. అందులో ఆయన వాయించడం లేదు. శాక్సఫోన్ పట్టుకుని కూర్చుని సిగరెట్ తాగుతున్నాడు. వెనక నుంచి పడిన వెలుగుకు పొగ మెరుస్తోంది. 1954లో యూసుఫ్ కార్ష్ చెల్లో విద్వాంసుడు పాబ్లో కసల్స్‌ను వెనక నుంచి తీశారు. ముఖం కనిపించదు. రాతి గోడ, పైన చిన్న కిటికీ, వాయిస్తున్న మనిషి వీపు మాత్రమే ఉంటాయి. పోర్ట్రెయిట్ అంటే ముఖమే అనుకునేవాళ్లు ఈ ఫొటోను ఒకసారి చూడాలి.

వెలుగు

కిటికీ, ఎల్ఈడీ ప్యానెల్, ఫ్లాష్. ఈ మూడింట్లో కిటికీ ఉన్నచోట మిగతా రెండూ నాకు అక్కర్లేదు. ఎండ నేరుగా పడని పెద్ద కిటికీ అన్నింటికంటే మంచిది. మనిషిని కిటికీకి ఎంత దగ్గరగా పెట్టాలనేదే అసలు నిర్ణయం. చిన్న దీపానికి దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. పెద్ద కిటికీకి ఆ లెక్క అంత కచ్చితంగా రాదు గానీ తీరు అదే. కాబట్టి మనిషి కిటికీకి ఒక మీటరులో ఉంటే ముఖం వెలుగుతుంది, గది వెనక చీకటిలోకి పోతుంది. మూడు మీటర్లు వెనక్కి జరిపితే ముఖానికీ గదికీ వెలుగు దాదాపు సమానమవుతుంది. గోడ మీద బొమ్మలు కనిపించాలంటే వెనక్కి, మనిషి ఒక్కడే కావాలంటే ముందుకు.

నీడ వైపు తెల్ల అట్ట పెట్టమని అందరూ చెబుతారు. నేను చాలాసార్లు నల్ల గుడ్డ పెడతాను. చిన్న గదుల్లో లేత రంగు గోడల నుంచి వెలుగు తిరిగి పడి ముఖం చప్పగా అయిపోతుంది. నల్ల గుడ్డ ఆ వెలుగును మింగేసి ముఖానికి ఒక అంచు ఇస్తుంది.

సాయంత్రాలు తప్ప ఖాళీ దొరకని వాళ్లకు ఎల్ఈడీ ప్యానెల్ మేలు. ఫ్లాష్ మెరిసిన ప్రతిసారీ వాయించేవాళ్ల ధ్యాస చెదురుతుంది. నలుపు తెలుపులో ఒక గొప్ప వెసులుబాటు ఉంది. పసుపు బల్బు, ట్యూబ్‌లైట్, కిటికీ అన్నీ కలిసినా రంగుల టెన్షన్ ఉండదు. ట్యూబ్‌లైట్ కింద మాత్రం కరెంటు 50 హెర్ట్‌జ్ అయితే 1/50 లేదా 1/100, 60 హెర్ట్‌జ్ అయితే 1/60 లేదా 1/125 పెట్టుకుంటే చారల బెడద తగ్గుతుంది.

ఎక్స్‌పోజర్ దగ్గర నేను చేసిన తప్పు చెప్పాలి. ప్లాస్టర్‌తో పనిచేసే ఒక శిల్పిని తీశాను. గదంతా తెల్లటి పొడి, తెల్లటి బొమ్మలు. ఆయనది నల్లటి ఒళ్లు. కెమెరా మీటరు ఆ తెలుపంతా చూసి ఎక్స్‌పోజర్ తగ్గించేసింది. బొమ్మలు చక్కగా వచ్చాయి, ఆయన ముఖం మసిబొగ్గులా వచ్చింది. తర్వాత కంప్యూటర్లో వెలుగు పెంచితే ముఖమంతా నాయిస్, అంటే చుక్కచుక్కల మసక. మీటరుకు తెలిసింది సగటు బూడిద రంగు ఒక్కటే. అది ముఖాన్ని గుర్తుంచుకోదు, మీరే గుర్తుంచుకోవాలి. అప్పటి నుంచి స్పాట్ మీటరుతో (ఫ్రేములో చిన్న చోటును మాత్రమే కొలిచేది) ముఖం మీద వెలుగున్న చెంపనే కొలుస్తాను. నల్లటి ఒంటి రంగును తెల్లగా చూపించాలని కాదు. ఆ రంగులోని మెరుపు, మడత, నీడ అన్నీ ఉండాలని.

లెన్స్

ఇక్కడ ఎక్కువ చర్చ అక్కర్లేదు. ముఖం ఆకారాన్ని మార్చేది లెన్స్ కాదు, దూరం. అర మీటరు నుంచి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. మీటరున్నర నుంచి తీస్తే ముఖం సహజంగా ఉంటుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో (35 మి.మీ. ఫిల్మ్ ఫ్రేమంత సెన్సర్ ఉన్నది) గదితో సహా తీయడానికి 35 మి.మీ. లేదా 50, గుడ్డ ముందు భుజాల వరకు తీయడానికి 85. ఒకటే కొనాలంటే 50.

బ్యాక్‌గ్రౌండ్ మసకబారాలని అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం; ఎఫ్ సంఖ్య ఎంత చిన్నదైతే అది అంత పెద్దది) పూర్తిగా తెరిచి పెట్టడం కళాకారుల విషయంలో పొరపాటని నా అభిప్రాయం. 85 మి.మీ. లెన్స్‌తో మీటరున్నర దూరంలో ఎఫ్/1.8 దగ్గర స్పష్టంగా ఉండేది సుమారు 3 సెంటీమీటర్లే. కన్ను స్పష్టంగా ఉంటే చెవి మసకబారుతుంది, చేతిలోని కుంచె సంగతి చెప్పక్కర్లేదు. అదే దూరంలో 50 మి.మీ. లెన్స్, ఎఫ్/4 అయితే సుమారు 20 సెంటీమీటర్లు దొరుకుతాయి. ముఖమూ చేతులూ రెండూ నిలుస్తాయి. చేతులు లేని కళాకారుడి ఫొటో నాకు సగమే అనిపిస్తుంది.

ఇప్పుడు ఫిల్మ్, డిజిటల్

ఫిల్మ్ అయితే ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్ లేదా కొడాక్ ట్రై-ఎక్స్ 400తో మొదలుపెట్టండి. రెండూ ఐఎస్ఓ (వెలుగుకు స్పందించే వేగం) 400. కిటికీ వెలుగులో ఎఫ్/2.8, 1/60 దగ్గర పని నడుస్తుంది. 35 మి.మీ. రోల్‌లో 36 ఫొటోలు, వెడల్పాటి 120 రోల్‌ను 6×6 సెం.మీ. ఫ్రేము కెమెరాలో వాడితే 12. పన్నెండే ఉన్నాయని తెలిసినప్పుడు ఫొటో తీసే మనిషి మారిపోతాడు. ప్రతి ఫొటోకూ ముందు మాట్లాడతాడు, ఆగుతాడు. కూర్చున్నవాళ్లు కూడా స్క్రీన్ చూపించమని అడగరు కాబట్టి వాళ్ల ధ్యాస తమ మీద తమకు ఉండదు.

వెలుగు తక్కువైతే హెచ్‌పీ5ను 1600కు పుష్ చేయొచ్చు, అంటే 1600 ఫిల్మ్ అనుకుని తీసి ఎక్కువసేపు డెవలప్ చేయొచ్చు. ఐడీ-11 డెవలపర్‌ను (ఫిల్మ్ డెవలప్ చేసే రసాయనం) నీళ్లు కలపకుండా 20 డిగ్రీల దగ్గర వాడితే 400కు ఏడున్నర నిమిషాలు, 1600కు 14 నిమిషాలు. కానీ పుష్ చేస్తే నీడల్లో లేని వివరం పుట్టుకురాదు. కాంట్రాస్ట్ (వెలుగు చీకట్ల తేడా), గ్రెయిన్ (ఫొటోలో కనిపించే రేణువులు) పెరుగుతాయి, అంతే. డ్రమ్స్ వాయించేవాళ్లకు అది అందంగానే ఉంటుంది, వృద్ధ గాయని ముఖానికి మొరటుగా ఉంటుంది. ఇంట్లో డెవలప్ చేసే వీలు లేకపోతే ఇల్‌ఫోర్డ్ ఎక్స్‌పీ2 సూపర్ చూడండి. అది నలుపు తెలుపు ఫిల్మే గానీ రంగుల ఫిల్మ్‌కు వాడే సీ-41 పద్ధతిలోనే డెవలప్ అవుతుంది.

డిజిటల్‌లో మూడు దారులున్నాయి. కెమెరాలోనే నలుపు తెలుపు జేపెగ్ తీయడం మొదటిది. తేలికే, కానీ రంగుల సమాచారం పోతుంది, తర్వాత మార్చుకునే వీలుండదు. నలుపు తెలుపు సెన్సర్ ఉన్న కెమెరా రెండోది. 2012లో లైకా ఎం మోనోక్రోమ్, 2023లో పెంటాక్స్ కె-3 మార్క్ 3 మోనోక్రోమ్ ఇలా వచ్చినవే. సెన్సర్ మీద రంగు ఫిల్టర్లు లేవు కాబట్టి వివరం ఎక్కువ, నాయిస్ తక్కువ. అయితే చర్మాన్ని ఒక్కదాన్నే లేతగా చేయాలంటే ఫిల్మ్‌లో లాగే లెన్స్ ముందు రంగు ఫిల్టర్ పెట్టాల్సిందే, వెలుగు ఎక్కువై తెల్లగా కాలిపోయిన భాగం ఇక తిరిగి రాదు. మూడోది రా ఫైలు (సెన్సర్ పట్టిన సమాచారమంతా ఉండే ఫైలు) తీస్తూ స్క్రీన్ మాత్రం నలుపు తెలుపులో కనిపించేలా పెట్టుకోవడం. నేర్చుకునేవాళ్లకు ఇదే మంచిది. కన్ను నలుపు తెలుపుకు అలవాటు పడుతుంది, వెనక రంగులన్నీ భద్రంగా ఉంటాయి.

ఆ రంగులు ఎందుకంటే, చర్మంలో ఎరుపు ఎక్కువ. రంగులను బూడిదలోకి మార్చేటప్పుడు ఎరుపు ఛానెల్ పెంచితే చర్మం నునుపుగా, లేతగా వస్తుంది, మచ్చలు మాయమవుతాయి, పెదవులు కూడా పాలిపోతాయి. ఆకుపచ్చ పెంచితే పెదవులు, ముడతలు, ముఖంలోని గీతలు గట్టిగా నిలుస్తాయి. నీలం పెంచితే చర్మం మురికిగా, గాయపడినట్టుగా కనిపిస్తుంది. నేను ఎక్కువగా ఆకుపచ్చతో మొదలుపెట్టి, కొద్దికొద్దిగా ఎరుపు కలుపుతాను. ఏళ్ల తరబడి పని చేసిన ముఖాన్ని ఒక్క నొక్కుతో నునుపు చేసే ఫోన్ ఫిల్టర్ల జోలికి మాత్రం పోకండి.

ఫిల్మా, డిజిటలా అంటే ఇక చెబుతాను. ఆ కళాకారుడు మీకు ఒక్క మధ్యాహ్నమే ఇచ్చి, మళ్లీ దొరకడం కష్టమైతే డిజిటల్. నెలకోసారి వెళ్లి కూర్చునే చనువుంటే ఫిల్మ్. ఒకసారి నేను ఒక్కరోజే సమయమిచ్చిన పెద్దాయన దగ్గరకు ఫిల్మ్ కెమెరా మాత్రమే తీసుకెళ్లాను. రోల్ అంచు స్పూల్‌కు పట్టుకోలేదు. 36 సార్లు షట్టర్ నొక్కాను, ఒక్క ఫ్రేము కూడా కదల్లేదు. రోల్ వేశాక ఫిల్మ్‌ను ముందుకు జరిపేటప్పుడు వెనక్కి చుట్టే నాబ్ కూడా తిరుగుతోందో లేదో చూడాలి. తిరగకపోతే లోపల ఫిల్మ్ కదలడం లేదని అర్థం. ఆ తర్వాత ఆ పెద్దాయనను మళ్లీ తీసే వీలు నాకు దొరకలేదు.

ఏ ఫొటో, ఏ కాగితం

వందల్లోంచి ఒకటి ఎంచడం స్క్రీన్ మీద కుదరదు. ఇరవై ఫొటోలను పోస్టుకార్డు సైజులో చవక కాగితం మీద ప్రింట్ చేసి బల్ల మీద పరచండి. నాలుగు రోజులు అక్కడే ఉంచండి. మొదటి రోజు బాగా నచ్చినవి కొన్ని నాలుగో రోజుకు చూడాలనిపించవు. తర్వాత ఆ బొత్తిని కళాకారుడికే ఇచ్చి ఒకటి ఎంచమనండి, మీరూ ఒకటి ఎంచండి. రెండూ ఒకటే కావడం నా విషయంలో అరుదు. సంగీతకారులు తమ చేతి వేళ్లు సరైన చోట ఉన్న ఫొటోనే ఎంచుతారు. ముఖం ఎంత బాగున్నా, తప్పు స్వరం మీద వేలుంటే వద్దంటారు. వాళ్ల మాట వినండి. ఆ ఫొటో చూసే తోటి కళాకారులకు ఆ తప్పే ముందు కనిపిస్తుంది.

గ్లాసీ కాగితంలో నలుపు లోతుగా వస్తుంది, కానీ కిటికీ ఎదురుగా పెడితే మెరుపు తప్ప ఏమీ కనిపించదు. మెరుపు లేని మ్యాట్ కాగితంలో నలుపు కొంచెం వెలిసినట్టు వస్తుంది, ఏ కోణంలోంచైనా చూడొచ్చు. ముఖాలకు నేను మ్యాట్ వాడతాను, వేదిక మీది చీకటి ఫొటోలకు గ్లాసీ. స్క్రీన్ తనే వెలుగుతుంది కాబట్టి అందులో సరిగ్గా ఉన్న ఫొటో కాగితం మీద చీకటిగా వస్తుంది. మొదటి ప్రింటును ఆ కళాకారుడి గదికే తీసుకెళ్లి, వాళ్లు రోజూ పని చేసే వెలుగులో గోడకు ఆనించి చూడండి. కళ్లు నీడలోకి పోయినట్టుంటే కొంచెం వెలుగు పెంచి రెండో ప్రింటు తీయండి. వాళ్లకు ఇవ్వాల్సింది ఆ రెండో ప్రింటు.